నూలుపిట్టా ఫ్యాన్ బెల్టూ

మా వదిన ముందు "లేదు" అన్న మాట వాడినవాడికి ఆ పూటకి మూడినట్టే.

ఒకసారి పొడుగాటి గైడు ఒకాయన సాయంత్రం రిజిస్టర్లో "వాగు దగ్గర ఉడుము లేదు" అని రాశాడు. వదిన అది చదివి, ఆయన్ని ఆఫీసు వరండాలో పదిమంది ముందు నిలబెట్టి దులిపేసింది. "లేదని నీకెవరు చెప్పారు? అడవంతా మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నావా? నీకు కనపడలేదు. నీకు తెలిసింది అంతే. తెలిసిందే రాయి." పాపం, ఆయన ఆ మాట కొట్టేసి "కనపడలేదు" అని రాసేదాకా వదల్లేదు. అప్పట్నుంచీ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి కనపడలేదక్క అంటారు. ఎదురుగా మాత్రం కాదు. అంత ధైర్యం ఎవరికీ లేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ అడవిలో ఆవిడకి కనపడనిదంటూ ఏదీ ఉండదు. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన పడే అడవి అది. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా లోపల దీపాలు పెట్టుకోవాలనిపిస్తుంది. పైన ఆకులు, కింద ఆకులు, మధ్యలో నాచు, ఆ నాచు మీద జలగలు. అలాంటి చోట ఆకు రంగులో ఉన్న పాముని ఆకుల్లోంచి విడదీసి చూపించే మనిషి మా వదిన. నేను ఆవిడ చెల్లెలి మొగుణ్ణి. బస్సు ఆగేచోటి నుంచి గెస్ట్‌హౌసుకీ, గెస్ట్‌హౌసు నుంచి అడవి రోడ్డు మీదికీ జీపు తోలుతాను. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా వదినే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అడవి రోడ్డు మీద నేను బండి దిగింది లేదు. పాములంటే నాకు భయం. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సిగ్గు పడాల్సింది కాళ్ళు లేకుండా పరిగెత్తే ఆ జంతువులే.

వదిన మొదట గైడు కాదు. గెస్ట్‌హౌసులో బట్టలుతికేది. ఆ ఊళ్ళో ఉతకడం తేలిక, ఆరబెట్టడమే నరకం. వెనకవైపు రేకుల గది ఒకటి, మధ్యలో కట్టెల పొయ్యి, ఆ గోడ నుంచి ఈ గోడకి తాళ్ళు, తాళ్ళ మీద దుప్పట్లు, కింద వరసగా తడిసిన బూట్లు. ఆ గది వాసన ఒకసారి ముక్కుకి పడితే జన్మలో పోదు. ఆవిడకి ముప్పై ఏళ్ళప్పుడు, ఎప్పుడో ఒకనాడు ఎండ కాస్తే, దుప్పట్లు బయట పెరట్లో ఆరేస్తోంది. చెట్ల మీది నుంచి సన్నటి చప్పుడు వచ్చింది. గుడ్డలోంచి దారం లాగితే వస్తుందే, అంత సన్నగా. గైడుల్ని అడిగితే కీచురాయి అన్నారు. అప్పటి రేంజరుని అడిగితే "ఏదో పురుగయ్యుంటుందిలే" అన్నాడు. ఆవిడ ఊరుకునే రకం కాదు. పని అయ్యాక రోజూ వెళ్ళి ఆ చెట్టు కింద మెడ పైకెత్తి నిలబడింది. పదకొండు రోజులు. పన్నెండో రోజు చూసింది. బొటనవేలంత పిట్ట, బూడిద రంగు, కంటి మీద పసుపు గీత.

చేతిలో కాగితం లేదు. బట్టల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిలు ఉంది. చంకలో ఉన్న దిండు గలీబు మీద ఆ పిట్టని గీసేసింది. గలీబు పాడుచేసినందుకు మేనేజరు చివాట్లు పెడుతుంటే, ఆ వారం గెస్ట్‌హౌసులో దిగిన పక్షుల ప్రొఫెసరు ఒకాయన ఆ గలీబు లాక్కుని చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాడట. ఆ పిట్ట ఈ అడవిలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. పుస్తకాల్లో దానికి రైలుబండంత పేరుంది. వదిన మాత్రం నూలుపిట్ట అంది. గేటు దగ్గర అడవిలో ఉండే జీవాలన్నిటి పేర్లూ రాసిన పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద నూట పదమూడో పేరు నూలుపిట్ట. ఆ పేరు ఎక్కిన నెలకి వదినకి గైడు బ్యాడ్జి ఇచ్చారు. తొమ్మిదో నంబరు. ఆడవాళ్ళలో మొదటిది. దిండు గలీబు ఇప్పటికీ ఆఫీసు గోడ మీద అద్దంలో ఉంది. ఒక మూల కాస్త బూజు పట్టింది గానీ, పిట్ట బాగానే ఉంది.

ఆవిడ పనితనం గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మిగతా గైడులు వేలు పెట్టి చూపిస్తారు. "అదిగో, అదిగో" అంటారు. వచ్చినవాళ్ళు "ఏదీ, ఏదీ" అంటారు. ఈలోపల పిట్ట ఎగిరిపోతుంది. వదిన వేలెత్తదు. అడ్రసు చెబుతుంది. "ఎదురుగా లావుపాటి చెట్టు ఉందా? అది మెయిన్ రోడ్డు. దాని మీదే పైకి వెళ్ళండి. మూడో కొమ్మ దగ్గర ఎడమ చేతి సందు. సందులో రెండిళ్ళు వదిలెయ్యండి. మూడో ఇంటికి నాచు కర్టెన్ వేలాడుతోంది చూడండి. ఆ గుమ్మంలో కూర్చుంది." ఎంత చత్వారం వాడికైనా దొరికి తీరుతుంది. పాములకీ అంతే. పసరిక పాముకి ఒక అడ్రసు, ఎగిరే బల్లికి ఒక అడ్రసు. ఆకుపచ్చ పింజరి ఒకటి వాగు పక్క కొమ్మ మీద పన్నెండు రోజులు కదలకుండా కూర్చుంటే "ఇల్లు మారలేదు" అని రోజూ రిజిస్టర్లో రాసేది.

మరో సంగతి. అడవిలో ముందు కన్ను కాదు, చెవి. ఆకుల మధ్య కంటికి ఏమీ ఆనదు. కూత విని, అటు తిరిగి, అప్పుడు కళ్ళు ఎత్తాలి. కొత్త గైడులందరికీ కూతలు నేర్పింది వదినే, నోటితో ఈల వేసి. కూతలు రికార్డు చేసిన టేపులు, యంత్రాలు ఆవిడకి గిట్టవు. ఒక్క నూలుపిట్ట కూత మాత్రం మనిషి ఈలకి అందేది కాదు. "అది నేను వేయలేను. వినపడ్డప్పుడు నేనే చెబుతాను, అప్పుడు గుర్తుపెట్టుకోండి" అనేది. అందరూ సరేనన్నారు. అక్క ఉండగా మనకెందుకులే అని తమ చెవుల్ని కూడా ఆవిడ దగ్గరే దాచిపెట్టుకున్నారు.

ఇక నా బండి గోల. పాత జీపు మోత ముందు ఏనుగు ఘీంకరించినా వినపడేది కాదు. ఆరేళ్ళ కిందట కొత్త జీపు ఇచ్చారు. మెత్తగా, చప్పుడు లేకుండా వెళ్తుంది. ఒక్క మూడో మలుపు దగ్గర తప్ప. అక్కడ దిగుడు కాబట్టి కాలు ఎత్తేస్తాను. ఎత్తగానే ఎక్కడో సన్నగా కీచుమంటుంది. ఫ్యాన్ బెల్టు. మార్చాను. మళ్ళీ కీచుమంది. మళ్ళీ మార్చాను. ఆరేళ్ళలో ఐదు బెల్టులు. నన్ను చూస్తే చాలు, మెకానిక్ నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి వెళ్ళిపోతాడు. "ఊరంతా తిరిగినా రాని చప్పుడు ఆ ఒక్క మలుపులోనే ఎందుకొస్తుందన్నా? బెల్టుకి అక్కడేమైనా చుట్టాలున్నారా?" అంటాడు. ముందు సీట్లో కూర్చున్న వదినతో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. "మళ్ళీ మొదలైంది, వినండి" అంటే, "నాకేం వినపడట్లేదయ్యా. కట్టుకున్నదాని మీద లేని అనుమానం నీకు ఈ బండి మీద" అని వెక్కిరించేది. నేనూ నవ్వేసేవాణ్ణి.

ఇదిలా ఉండగా కొత్త రేంజరు వచ్చాడు. చిన్నవాడు, మంచివాడు, కానీ కాగితం మీద ఉన్నదే లోకం. గేటు దగ్గర బోర్డు రంగులు పోయాయని మళ్ళీ రాయించాలన్నాడు. రాయించేటప్పుడు పాత రూలు ఒకటి తీశాడు. ఏడేళ్ళు వరసగా ఎవరూ చూడని జీవి పేరు బోర్డు మీద ఉండకూడదు. రిజిస్టర్లన్నీ తిరగేస్తే అలాంటిది ఒక్కటే తేలింది. నూలుపిట్ట. ఏడేళ్ళుగా దాని ఎదురుగా అన్నీ ఒకటే మాట, చాలావరకు మా వదిన చేతిరాత. కనపడలేదు, కనపడలేదు, కనపడలేదు.

"కనపడలేదన్నాను గానీ లేదనలేదు కదా సార్" అంది వదిన.

"ఏడేళ్ళు కనపడకపోతే లేనట్టే కదమ్మా" అన్నాడు రేంజరు.

ఇంకొకడైతే ఆ మాటకి అక్కడే కడిగేసేది. ఆ రోజు రిజిస్టర్లో తన చేతిరాతనే చూస్తూ నిలబడింది. శనివారం పెయింటరు వస్తాడని, ఆలోపు ఒక్కసారైనా కనపడితే పేరు ఉంచుతాననీ రేంజరు అన్నాడు. ఆ రోజు మంగళవారం. ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంట్లో మనిషి పేరు రేషను కార్డులోంచి తీసేస్తామన్నా అంత చిన్నబోదు.

బుధవారం ఒక అక్కా తమ్ముడూ దిగారు. ముప్పై దాటినవాళ్ళు. అక్కకి పాకేవి కావాలి, తమ్ముడికి ఎగిరేవి కావాలి. బస్సు దిగిన దగ్గర్నుంచీ పోట్లాట. "నువ్వు పైకి చూస్తూ నా పాముని తొక్కేస్తావురా" అని ఆవిడ. "నువ్వు కిందకి చూస్తూ టార్చి వేసి నా పిట్టల్ని తరిమేస్తున్నావ్" అని అతను. నాకు తల బొప్పి కట్టింది. వదిన ఒక్క ముక్కలో తేల్చేసింది. "అమ్మా, నువ్వు మోకాలు దాకా చూడు. బాబూ, నువ్వు తల పై నుంచి చూడు. మధ్యలోది నాకు వదిలెయ్యండి." ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

రెండు రోజులు ఆ మధ్యలోనే ఎన్ని దొరికాయో. అక్క కోసం పుచ్చిన దుంగ పక్కన నలికండ్ల పాము, తీగలా వేలాడుతున్న పసరిక పాము, చెట్టు బెరడుకి బెరడులా అతుక్కున్న ఎగిరే బల్లి. ఆ బల్లి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి తేలుతూ వెళ్తే అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తమ్ముడి కోసం లకుముకిపిట్టలు, చుక్కల వడ్రంగిపిట్ట, కుండంత ముక్కున్న పెద్ద పిట్టల జంట. అన్నీ చూపిస్తూనే వదిన మధ్య మధ్యలో ఆగిపోయేది. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి నిలబడేది. పెరటి చెట్ల దగ్గర, వాగు దాటాక, కొండ అంచున, తనకి తెలిసిన ప్రతిచోటా. తమ్ముడు మెల్లగా అడిగాడు, "ఏం వింటున్నారండీ?"

"దారం" అంది.

గురువారం సాయంత్రం రిజిస్టర్లో మళ్ళీ అదే మాట రాసింది. రాసి, పెన్ను మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

శుక్రవారం పొద్దున్న వాళ్ళకి ఆఖరి తిరుగుడు. మూడో మలుపు దగ్గర కాలు ఎత్తాను. ఎత్తానో లేదో, కీచుమంది. "దీని మొహం మండా, కొత్త బెల్టు వేసి నెల కాలేదు" అని తిట్టుకుంటున్నాను. వదిన డ్యాష్ బోర్డు మీద కొట్టింది. "ఆపు! ఇంజన్ కూడా ఆపెయ్!" రోడ్డుకి అడ్డంగా పాము. నా చేతిమందం ఉంది, తల ఒక పొదలో, తోక ఇంకో పొదలో. వెనక సీట్లో అక్క ఊపిరి బిగబట్టింది. నేను కిటికీ అద్దం ఎత్తేశాను. పాము దాని తీరిక అది చూసుకుంటూ వెళ్తోంది. బండిలో అందరూ నిశ్శబ్దం.

నిశ్శబ్దం కాదు. కీచుమంటూనే ఉంది.

నాకు ముందు బుర్రకెక్కలేదు. తాళం వైపు చూశాను. ఇంజన్ ఆగే ఉంది. ఆగిన ఇంజనుకి బెల్టు తిరగదు. తిరగని బెల్టు కీచుమనదు. పాము సంగతి మరిచిపోయి అద్దం దించేశాను. చప్పుడు ఇంకా బాగా వచ్చింది. సన్నగా, గుడ్డలోంచి దారం లాగినట్టు, ఆగి, మళ్ళీ లాగినట్టు.

"వదినా, ఇది బెల్టు కాదు" అన్నాను.

"ఏది?"

"ఇదే. ఈ చప్పుడు."

"ఏ చప్పుడయ్యా?"

వెనక నుంచి తమ్ముడు అన్నాడు, "నాకూ వినపడుతోంది. నిన్నా ఇక్కడే విన్నాను. పురుగేమో అనుకున్నా."

వదిన నా వైపు తిరిగింది. ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు. కోపం కాదు, భయం. ఆవిడకి భయం ఉంటుందని నాకు తెలీదు. "నిజం చెప్పు. ఇప్పుడు వినపడుతోందా?"

"వినపడుతోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్క నిమిషం కూర్చుంది. అంతే, ఒక్క నిమిషం. తరవాత తలుపు తీసుకుని దిగింది. ఇటు తిరిగి వచ్చి నా తలుపు కూడా తీసింది. "దిగు."

"వదినా, పాము ఇప్పుడే అటు—"

"అది దాని పని మీద వెళ్ళింది. దిగు."

దిగాను. ఇరవై రెండేళ్ళ తరవాత ఆ రోడ్డు మీద నా కాలు పడింది. ఆవిడ తన మణికట్టు నా చేతికిచ్చింది. "కూసినప్పుడల్లా నొక్కు. నోరు కొంచెం తెరిచి ఉంచు, బాగా వినపడుతుంది. తల మెల్లగా తిప్పు. రెండు చెవులకీ సమానంగా వచ్చినచోట ఆగిపో. నీ ముక్కు ఎటుంటే అటు చూస్తాను."

నేను నోరు తెరుచుకుని, మెడ తిప్పుతూ, వెర్రివాడిలా నిలబడ్డాను. కూసింది. నొక్కాను. మళ్ళీ కూసింది. మళ్ళీ నొక్కాను. మెడ ఆపాను. ఆవిడ నా ముక్కు పక్కన చెంప ఆనించి, నా ముక్కు చూపించిన వైపే కళ్ళు పోనిచ్చింది. పది నిమిషాలు పట్టిందేమో. చేతిలో మణికట్టు ఒక్కసారి బిగుసుకుంది.

"మెయిన్ రోడ్డు, ఆ వంకర చెట్టు" అంది. "పై దాకా వెళ్ళండి. కుడి సందు. ఎండుటాకు ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. దాని వెనకింటి మెట్ల మీద."

తమ్ముడు చూశాడు, అక్క కూడా చూసింది. బైనాక్యులర్ నా మెడలో వేస్తే నేనూ చూశాను. బొటనవేలంత ఉంది. గోరంత నోరు తెరిచి నా బెల్టులా కీచుమంటోంది. ఐదు బెల్టులు మార్పించిన ముండమోపి పిట్ట! నాకు కోపం రావాలి నిజానికి. కళ్ళు చెమర్చాయి. వదిన మాత్రం పిట్ట నోటివైపే చూస్తోంది. అది నోరు తెరవడం, మూయడం కనపడుతోంది ఆవిడకి. అంతే.

మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. మా తోడల్లుడు రంపపు మిల్లులో పనిచేస్తాడు, చెవుడు ముదిరి పాకాన పడింది. వాళ్ళింట్లో ఎప్పుడూ అరుపులే, రేడియో కూడా వీధి చివరికి వినపడుతుంది. అందుకే వదిన చెవుల సంగతి ఎవరం పట్టుకోలేకపోయాం. మా ఆవిడ జరిగింది విని నమ్మలేదు. బల్ల మీదున్న తన చేతి గడియారం అలారం నొక్కింది. అది కిచకిచమని మొత్తుకుంటోంది. వదిన టీ తాగుతూ "మొదలుపెట్టు మరి" అంది. మా ఆవిడ గడియారం నోరు నొక్కి, వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది.

నేను నా తెలివంతా బయటికి తీశాను. "ఇందులో బాధేముంది వదినా? పిట్ట కనపడింది. కనపడింది అని రాసెయ్యండి. బోర్డు మీద పేరుంటుంది, మీ బ్యాడ్జీ మీకుంటుంది. చెవుల మాట ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ అక్కాతమ్ముళ్ళు రేపు వెళ్ళిపోతారు."

"మరి ఏడేళ్ళు?"

"ఏడేళ్ళూ కనపడలేదనే కదా రాశారు. నిజంగానే కనపడలేదు కదా. మీ మాటే కదా అది, తెలిసిందే రాయి అని."

నా మాటకి నేనే మురిసిపోయాను. వదిన కప్పు పక్కన పెట్టింది. "కళ్ళతో వెతికినవాడు రాయాలయ్యా కనపడలేదని. నేను చెవితో వెతికాను. చెవి చెబితేనే కదా కన్ను ఎత్తేది? ఏడేళ్ళూ నా చెవి చెప్పలేదు, నేను కన్ను ఎత్తలేదు. ఎత్తకుండా కనపడలేదని రాశాను. పొడుగాయన్ని పదిమందిలో నిలబెట్టి కడిగానే, నాకంటే వాడు నయం." నా వైపు చూడకుండా అంది, "మూడేళ్ళ నుంచి అనుమానంగానే ఉంది. మిగతా చిన్న పిట్టలు కూడా దూరమైపోతున్నట్టు. అడవిలో పిట్టలు తగ్గిపోతున్నాయి అని నలుగురితో అన్నాను కూడా. నాది కాదు తప్పు, అడవిదే అన్నట్టు."

నేను లేచి ఆవిడ కప్పులో ఇంకాస్త టీ పోశాను.

శనివారం పొద్దున్న ఆఫీసుకి తనే వెళ్ళింది, నేను వెంట ఉన్నాను. వరండాలో రేంజరు చూస్తుండగా పెయింటరు డబ్బాలు తెరుస్తున్నాడు. గైడులందరూ డ్యూటీకి వచ్చి ఉన్నారు. వదిన రేంజరుతో గదిలోకి వెళ్ళి చెప్పొచ్చు. వెళ్ళలేదు. వరండాలోనే, పొడుగాయన్ని నిలబెట్టిన చోటే నిలబడింది.

"సార్, నూలుపిట్ట మూడో మలుపులో ఉంది. నిన్న నలుగురం చూశాం. నిన్న కొత్తగా వచ్చింది కాదు, కనీసం ఆరేళ్ళ నుంచి అక్కడే ఉంది. నా చెవులకి సన్నటి కూతలు అందడం లేదు. నేను వినలేదు కాబట్టి వీళ్ళెవరూ వెతకలేదు. తప్పు నాది, పిట్టది కాదు."

పెయింటరు కుంచె డబ్బాలో అలాగే ఉండిపోయింది. రేంజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా."

"నాకు తెలుసు కదా సార్."

రూలు ఏమిటో ఆవిడకి అతనికంటే బాగా తెలుసు. గైడుకి కన్నూ చెవీ సరిగా ఉన్నట్టు డాక్టరు కాగితం ఉండాలి. ఇరవై నాలుగేళ్ళు వేసుకున్న బ్యాడ్జి తనే తీసి బల్ల మీద పెట్టింది. జాకెట్టు మీద అది ఉన్నంత మేర రంగు వెలవకుండా ముదురుగా ఉంది. నాకు ఉండబట్టలేదు. "సార్, కన్నూ చెవీ ఉండాలని ఉంది గానీ రెండూ ఒకే మనిషివి అయ్యుండాలని ఎక్కడుంది? నా చెవులు తీసుకోండి" అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. రేంజరు నవ్వలేదు. పైకి రాస్తానన్నాడు. రాశాడట కూడా. ఇంతవరకూ జవాబు లేదు.

సారీ. జవాబు రాలేదు.

పొడుగాయన ముందుకొచ్చాడు. ఇప్పుడు ఏమంటాడో అని నేను వదిన పక్కకి జరిగాను. ఆయన వంగి, వదిన కాళ్ళ దగ్గరున్న సంచీ తీసుకుని "పదక్కా, బోర్డు దగ్గర నిలబడదాం. వీడు స్పెల్లింగు తప్పు రాస్తాడు" అన్నాడు. గైడులందరూ వెళ్ళి నిలబడ్డారు. పెయింటరు తప్పే రాశాడు, ళ పెట్టాడు. వదిన తుడిపించి ల పెట్టించింది.

తరవాత ఆవిడ చేసిన పని ఇంకొకళ్ళు చేయరు. ఏడేళ్ళ రిజిస్టర్లూ తెప్పించుకుంది. రేంజరు మొదటి పేజీలో ఒక్క ముక్క రాస్తే చాలన్నాడు. ఒప్పుకోలేదు. నూలుపిట్ట ఎదురుగా తను రాసిన ప్రతి "కనపడలేదు" మీదా ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన "నాకు వినపడలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. మూడు వందల పైచిలుకు చోట్ల. ఐదు రోజులు పట్టింది. రాసింది ఎక్కడో తెలుసా? బట్టలారేసే రేకుల గదిలో. ఎందుకంటే ఇప్పుడు ఆవిడ ఉద్యోగం మళ్ళీ అక్కడే. అవే తాళ్ళు, అదే పొయ్యి, అవే తడి బూట్లు. ఆవిడ మొహంలో చిన్నబోయిన ఛాయ వెతికాను నేను. దొరకలేదు. గైడులు సాయంత్రం బూట్లు ఇవ్వడానికి వచ్చి గంటసేపు కదలరు. ఎక్కడ ఏం చూశారో అడ్రసులతో సహా ఒప్పజెబుతారు. ఇప్పుడు అందరూ ఏటా చెవులు చూపించుకుంటున్నారు. టేపులూ వింటున్నారు. అదీ ఆవిడ చెప్పడం వల్లే.

రోజూ తెల్లవారాక, గెస్ట్‌హౌసులో ఎవరూ లేవకముందు, నేనూ వదినా మూడో మలుపు దాకా వెళ్తాం. బ్యాడ్జి లేకపోతే మనుషుల్ని తీసుకెళ్ళకూడదని ఉంది గానీ, మరిది వదినని తీసుకెళ్ళకూడదని లేదు. ఇంజన్ ఆపేస్తాను. ఇద్దరం దిగుతాం. అవును, నేనూ దిగుతాను. ముందు రోడ్డంతా రెండుసార్లు చూసుకుని మరీ. ఆవిడ చెయ్యి చాపుతుంది. కూసినప్పుడల్లా నొక్కుతాను. ఒక్కోసారి నొక్కకుండానే ఆవిడ పెదవులు కదులుతాయి, పాత కూత ఎక్కడో గుర్తొచ్చినట్టు.

నిన్న ఎంతసేపు నిలబడినా ఏమీ రాలేదు. రాత్రంతా వాన కురిసి చెట్ల నుంచి చుక్కలు పడుతున్నాయి. నా మెడ పట్టేసింది. బూటు మీదికి జలగ ఎక్కుతోంది. విసుగొచ్చి చేయి వదిలేశాను.

"ఇవాళ లేదు వదినా, పదండి."

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆవిడ తిరిగి నా వైపు చూసిన చూపుకి నాకు పొడుగాయన గుర్తొచ్చాడు. జలగని కూడా మరిచిపోయి నిటారుగా నిలబడ్డాను.

"నాకు వినపడలేదు" అన్నాను.

"అలా చెప్పు" అంది వదిన. అని, నా తల పట్టుకుని మెల్లగా పైకి తిప్పింది. "వంకర చెట్టు. మెయిన్ రోడ్డు మీదే వెళ్ళు. కుడి సందు. రెండిళ్ళు వదిలెయ్."

గుమ్మంలో, వానకి తడిసిన ఒళ్ళు ఉబ్బించుకుని, నోరు మూసుకుని కూర్చుని ఉంది.